నాలుగు వేళ్ల ఎత్తు

శామీర్‌పేట,
17 ఆగస్టు 2025, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు ప్రతాప్‌కు,

అక్క సుశీల దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ నా ఒళ్లు బాగానే ఉంది, మనసు సంగతి కింద రాస్తాను. రావల్‌కోల్‌లో నువ్వూ, లతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈసారి వానలు బాగానే పడ్డాయి కదా, మక్కచేను ఏపుగా ఉందని లత చెప్పింది. నా మేనకోడలు అశ్రిత మొన్న బెంగుళూరు నుంచి ఫోన్ చేసింది. వాళ్ల కంపెనీలో తయారవుతున్న ఉపగ్రహం మన టిఫిన్ డబ్బా కంటే కొంచెం పెద్దదట. అందులో ఒక భాగం తన చేతిమీదుగా పోతోందని చెప్పి మురిసిపోయింది. నీతో కూడా చెప్పిందట, నువ్వు "మంచిగ చెయ్ బిడ్డా" అన్నావట. సంతోషం.

నువ్వు పంపిన ఆహ్వాన పత్రిక అందింది. సెప్టెంబర్ ఐదున మన ఊళ్లో సభ, నాకు శాలువా, నా ఫోటో కింద 'మా కళ్లు తెరిపించిన అక్క' అని బంగారు రంగు అక్షరాలు. ఫోన్‌లో చెబితే నువ్వు సగంలోనే మాట అందుకుంటావు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. జూన్‌లో కంటి ఆపరేషన్ అయింది కదా, ఎవరితోనూ చదివించుకోకుండా నువ్వే చదువుకో.

నేను ఆ సభకు రాను.

ఎందుకంటే నాకు రోతగా ఉంది ప్రతాప్. తోడబుట్టినవాడికి రాయాల్సిన మాట కాదు. నాలుగు కాగితాలు మార్చినా అదే మాట వస్తోంది కాబట్టి రాసేశాను.

నాలుగేళ్ల కిందట నీ మోకాలి ఆపరేషన్ అయ్యి మూడు నెలలు మంచం మీద ఉన్నావు. అప్పుడు పట్టింది నీకు ఈ పిచ్చి. నేను చూడ్డానికి వస్తే ఫోన్ నా ముఖం ముందు పెట్టి, "అక్కా, భూమి గుండ్రంగ లేదట, పళ్లెం లెక్క సదునుగ ఉన్నదట, సూడు" అన్నావు. నేను నవ్వాను. పక్కమీద ఉన్నవాడికి కాలక్షేపం అనుకున్నాను. కర్ర పట్టుకుని లేచేసరికి నువ్వు 'చదును సత్యం' అని ఛానెల్ పెట్టేశావు. ప్లాట్లు అమ్మే నోరు కదా, జనం విన్నారు.

నీతో ఎన్ని రోజులు వాదించానో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. భూమి తిరుగుతుంటే చెరువు నీళ్లు ఎందుకు ఒలకవని అడిగావు. నడుస్తున్న బస్సులో గ్లాసులో నీళ్లు ఎందుకు ఒలకవో చెప్పాను. గ్రహణంలో చంద్రుడి మీద పడే మన భూమి నీడ గుండ్రంగా ఉంటుందంటే, "పళ్లెం నీడ గూడ గుండ్రమే గద" అని తొడ చరిచావు. మీ వంటింట్లో బల్బు కింద పళ్లెం పక్కకు తిప్పి, దాని నీడ గీతలా సన్నబడడం చూపించాను. చూసి, "గది నీ బల్బు అక్కా, సూర్యుడు గాదు" అన్నావు. జవాబు చెప్పలేక ఓడిపోవడం వేరు. చెప్పిన జవాబును ఎదుటివాడు బుగ్గన పెట్టుకుని నమిలి మన ముఖం మీదే ఉమ్మడం వేరు. నువ్వు రెండోది చేశావు, నవ్వుతూ చేశావు.

చంద్రుడి మీద మన నౌక దిగిన సాయంత్రం గుర్తుందా? బడిలో పిల్లలందరినీ కూర్చోబెట్టి టీవీ పెట్టాను. దిగిందనగానే పిల్లలు ఎగిరి గంతులేశారు. నువ్వు వెనక తలుపులోంచి వచ్చి, "గిదంత సినిమా సెట్టింగు. మీ టీచర్‌కు గూడ ఎర్క లేదు" అన్నావు. మరునాడు ఏడో తరగతి పిల్ల ఒకతి లేచి నిలబడి, "టీచర్, మీరు చెప్పేటివన్ని నిజమేనా?" అని అడిగింది. నా ముప్పై నాలుగేళ్ల నౌకరీలో నన్ను ఎవ్వరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆ పిల్లను కాదు, నిన్ను అసహ్యించుకున్నాను.

ఇవన్నీ నా వరకు పోయినవి. అశ్రిత ఉద్యోగం విషయంలో నువ్వు చేసింది మాత్రం మరిచిపోను. ఇంజనీరింగ్ ముగించి, మూడుసార్లు పరీక్ష రాసి, బెంగుళూరులో ఉపగ్రహాలు తయారుచేసే చోట నౌకరీ తెచ్చుకుంది పిల్ల. నువ్వు దాని సర్టిఫికెట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశావు. "లేని ఆకాశంల లేని డబ్బాలు తిప్పుతరట. అబద్ధం చేసి బతికే నౌకరీ నా బిడ్డకు వద్దు" అన్నావు. పిల్ల రెండు రోజులుగా అన్నం ముట్టలేదని లత ఏడుస్తూ ఫోన్ చేస్తే వచ్చాను. హాల్లో నీ ఛానెల్ మనుషులు పది మంది కూర్చుని చాయ్ తాగుతున్నారు. వాళ్ల ముందే నన్ను, "అక్కా, గింత సదివినవు గద, ఒక్కసారన్న భూమి వంపు నీ కండ్లతోటి చూసినవా?" అని అడిగావు.

చూడలేదు. పుస్తకంలో చదివాను, లెక్క వేశాను, పిల్లలకు చెప్పాను. కంటితో చూడలేదు. అందుకే ఒప్పుకున్నాను, చెరువు మీద చూద్దామని.

మిగతాది నీకు తెలిసిందే అయినా రాస్తాను. ఏప్రిల్ ఇరవై ఏడు, ఆదివారం. శామీర్‌పేట చెరువులో నీళ్లు తగ్గినా పొడవునా రెండు కిలోమీటర్లు మిగిలే ఉన్నాయి. మీ ప్లాట్ల వెంచర్‌లో కాపలా ఉండే అంజయ్య వాళ్లది చేపలు పట్టే ఇల్లు కదా, తెప్ప మీద పోయి మూడు గుంజలు పాతింది ఆయనే. ఈ ఒడ్డు దగ్గర ఒకటి, నడుమ ఒకటి, ఆ ఒడ్డు దగ్గర ఒకటి. మూడింటికీ నీటిమట్టానికి సరిగ్గా ఒకే ఎత్తులో ఎర్ర పలకలు కొట్టాం. నీళ్లు చదునైతే దుర్భిణిలో మూడు పలకలూ ఒకే గీత మీద ఉండాలి. భూమి గుండ్రమైతే నడుమ పలక మీదికి లేవాలి. ఎంత లేవాలో ముందే లెక్క కట్టి అందరికీ చెప్పాను. రెండు కిలోమీటర్ల నీటికి ఎనిమిది సెంటీమీటర్లు, అంటే నాలుగు వేళ్ల ఎత్తు. చూడ్డానికి వచ్చిన యాభై మందీ నవ్వారు. ఇంత పెద్ద భూమి గుండ్రం నాలుగు వేళ్లేనా అని.

సర్వే వాళ్ల దుర్భిణి మూడుకాళ్ల మీద నిలబెట్టేసరికి పదకొండు అయింది. మొదట నువ్వు వంగి చూశావు. కంట్లో పొర ముదిరి నీకు చెరువే సరిగ్గా కనబడలేదు. అంజయ్య చూసి, "నాకైతే మూడు ఒక్క తీరుగనే ఉన్నయి పటేలా" అన్నాడు. నీ మనుషులు ఈలలు వేశారు. అప్పుడు నువ్వు చెయ్యెత్తి అందరినీ ఆపి, "ఆగుండ్రి. మా అక్క చూడాలె. మా అక్క ఏం చెప్తే గదే ఖాయం. లేచింది అంటే నా బిడ్డ రేపే బెంగుళూరు పోతది" అన్నావు. నేను వంగి చూశాను. చూసి, "లేచింది. నాలుగు వేళ్లు లేచింది" అన్నాను.

నువ్వు మాట తప్పలేదు. ఆ సాయంత్రమే బీరువా తెరిచావు. వారానికల్లా ఛానెల్ పేరు మార్చావు. అక్కడితో ఆగి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

నువ్వు మారావని ఊరంతా అంటోంది. నాకు కనబడింది వేరు. అప్పుడు ఎంత గొంతేసుకుని చదును అన్నావో, ఇప్పుడు అంతే గొంతేసుకుని గుండ్రం అంటున్నావు. ఎందుకు గుండ్రమో నువ్వు ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నిన్నటిదాకా నీతో కూర్చుని చాయ్ తాగినవాళ్లను గొర్రెలు అంటున్నావు. వాళ్లను ఆ దొడ్లోకి తోలింది నువ్వే.

ఇక అంజయ్య. కిందటి నెల నువ్వు పెట్టిన వీడియో చూశాను. 'గుడ్డి అంజయ్య' అని పేరు. అత్వెల్లి చాయ్ హోటల్ ముందు ఆయన్ని నిలబెట్టి, రెండు వేళ్లు చూపించి, "గివి ఎన్ని? మూడా?" అని అడిగావు. అరవై ఏళ్ల మనిషి తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకుని నవ్వడానికి ప్రయత్నించాడు. చుట్టూ అందరూ పడీ పడీ నవ్వారు. ఎనభై వేల మంది చూశారట. ఆ తర్వాత, కళ్లు కనబడనివాడు కాపలా ఏం కాస్తాడని పనిలోంచి తీసేశావు. ఆయన మనవరాలు శృతి ఆరో తరగతి. 'గుడ్డోని మనవరాలు' అంటున్నారని బడికి పోనని ఏడ్చింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

అంజయ్య పోయిన బుధవారం మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "టీచరమ్మా, నా కండ్లు నిజంగనే పోయినయా? దవాఖానల చూపిచ్చుకున్న, మంచిగున్నయి అన్నరు. మరి గా దినం నాకు అట్లెందుకు కనబడ్డది?" అని అడిగాడు. చాయ్ తాగి పొమ్మన్నాను. తాగి పోయాడు.

ఇదీ సంగతి. నువ్వు ఒకరి కళ్లు పొడిచి, నేను నీ కళ్లు తెరిపించానని వేసే శాలువా నాకు వద్దు. ఆ వీడియో తీసెయ్యి. అంజయ్య ఇంటికి పోయి, యాభై మంది లేకుండా, ఫోన్ లేకుండా, క్షమించమని అడుగు. లతను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ అక్క,
సుశీల

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టాను. అంటించలేక మళ్లీ తీశాను. పైన రాసినదంతా చింపి కొత్తగా రాయాలనిపించింది. చింపలేదు. నీమీద అంత రోత ఎందుకు కుమ్మరించానో నీకు తెలియాలి.

ఆ రోజు పలక లేవలేదు ప్రతాప్. మూడూ ఒకే గీత మీద ఉన్నాయి. అంజయ్య చూసిందే నేనూ చూశాను.

భూమి గుండ్రమే. ఎండాకాలం పొద్దెక్కాక చెరువు నీళ్లు చల్లగా, పైన గాలి వేడిగా ఉంటుంది. ఆ గాలిలో చూపు కిందికి వంగుతుంది, వంపు కనబడకుండా పోతుంది. అది నాకు తెలుసు. కంటికి దుర్భిణి ఆనించిన క్షణంలోనే తెలిసింది. ఆ మాటే చెప్పాల్సింది. ఈ రోజు కాదు, మబ్బు పట్టిన రోజు మళ్లీ చూద్దాం అనాల్సింది. అంటే ఈలలు వేస్తారు. బీరువా తెరుచుకోదు. అశ్రిత నా వెనక నిలబడి నా కొంగు పట్టుకుని ఉంది. నువ్వేమో మా అక్క ఏం చెప్తే అదే అన్నావు. నాలుగేళ్లు నేను చెప్పిన ఒక్క నిజం కూడా నమ్మనివాడివి, నేనాడిన ఒక్క అబద్ధాన్ని నమ్మావు.

జూలై ఆరున, ముసురు పట్టిన రోజు, జాలరి మల్లేష్‌ను తోడు తీసుకుని మళ్లీ గుంజలు పాతించాను. నడుమ పలక లేచింది. లెక్కకు తగ్గట్టే, నాలుగు వేళ్లకు దగ్గరగా. మల్లేష్ కూడా చూశాడు. ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఆ రోజైనా నీకు చెప్పి ఉండొచ్చు. చెబితే ఏప్రిల్‌లో ఏం చూశావని అడుగుతావు. అందుకే చెప్పలేదు. అంతలో నీ వీడియో వచ్చింది. అప్పటికీ చెప్పలేదు. బుధవారం ఆ మనిషి నా గడపలో నిలబడి తన కళ్ల గురించి అడిగితే, చాయ్ ఇచ్చి పంపాను. నువ్వు నలుగురి ముందు ఆయన్ని గుడ్డివాణ్ని చేశావు. అంతకుముందే, ఎవరికీ తెలియకుండా, నేను చేశాను.

అశ్రితను వెనక్కి పిలవకు. దానికి ఈ సంగతి తెలియదు, నేనే చెబుతాను. పిలిచినా అది రాదనుకో, అయినా అడుగుతున్నాను.

రేపు పొద్దున్నే అంజయ్య ఇంటికి పోతున్నాను. నీకంటే ముందు నేనే క్షమించమని అడగాలి. నువ్వు ఐదో తారీకు సభ ఆపకు. నేను వస్తాను. శాలువా తేవద్దు, పత్రికలో నా ఫోటో కింద రాసింది కొట్టెయ్యి. అంజయ్యను, శృతిని ముందు వరసలో కూర్చోబెట్టు. నీ ఫోన్ స్టాండు మీద పెట్టి, మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా రికార్డు చెయ్యి. మైకు మొదట నాకివ్వు.