ఉలవకట్టులో నూడుల్స్

అన్నూరు, ఆదివారం

తమ్ముడు రఘురామన్‌కు,
ఈ అక్క బాగానే ఉంది. మిల్లు హాస్టల్లో వంటపని మాని ఉడుమలైపేటకు, మనింటికి వచ్చెయ్యమని రాశావు. రాను. ఇక్కడి ఆడపిల్లలు నా సాపాటు వదిలి గదుల్లో నూడుల్స్ తింటున్నారని నేనూ వండాను. మొదటిరోజు బియ్యప్పిండి సేమ్యాలాంటి ఇడియప్పం మాదిరి ఇడ్లీపళ్ళెంలో ఆవిరికి పెడితే పుల్లల్లాగే ఉండిపోయాయి. "అయ్యో అత్తా, దీన్ని నీళ్లలో కదా ఉడకేసేది!" అని ఒకటే నవ్వు. నిన్న పొట్లంలోని మసాలా పారేసి, ఉలవకట్టులో ఉడికించి, చిన్న ఉల్లిపాయలు, కరివేపాకుతో తాలింపు వేశాను. గిన్నె అడుగు గీకి తిన్నారు.

మన చేని ఉలవలు రెండు పడులు బస్సులో పంపు. నాయన మాత్రలు వేసుకొంటున్నాడా? మరదలికీ పిల్లలకూ నా దీవెనలు. నా గది ఖాళీగా ఉంచవద్దు, కొబ్బరికాయలు పోసుకో.

పంకజం