మందు పోసేటప్పుడు మాట్లాడకూడదు

ఆగస్టు 3

అన్నయ్య ఐలిఫ్ పోయాక ఇవాళే మొదటిసారి షెడ్డు తెరిచాను. త్రాసు, తూటాల ఇత్తడి తొడుగులు, వాటి మూతికి బుల్లెట్లు నొక్కే ప్రెస్, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తుపాకి మందు మాత్రం కాఫీ డబ్బాలో ఉంది. ఏ మందో దాని మీద రాయలేదు మహానుభావుడు. ఐలిఫ్‌కి తెలుసు కదా, ఇంకెవరికి తెలియాలి?

అన్నీ ఒకేలాంటి నల్ల రేణువులు. త్వరగా మండే మందూ ఇలాగే ఉంటుంది, నెమ్మదిగా మండేదీ ఇలాగే ఉంటుంది. తెలియకుండా పోస్తే తుపాకి మొహం మీదే పేలుతుంది. అన్నయ్య నింపిన తూటాలు అయిదు మిగిలాయి. ముట్టుకోలేదు.

ఆగస్టు 4

మా వేట జట్టు పెద్ద హల్వర్ వచ్చాడు. వచ్చినవాడు కూర్చోకుండా మొదలుపెట్టాడు. రాగ్నా, ఆ తాతల నాటి పొట్టి తుపాకి, ఆ కార్బైన్, మ్యూజియానికిచ్చెయ్, మంచి రైఫిలు నేనిస్తానన్నాడు. కాదంటే బజార్లో తూటాలు కొనుక్కోమన్నాడు. కొన్న తూటా ఇందులో జానెడు పైకి కొడుతుంది. గొట్టం కొసనున్న గురి బద్దని అన్నయ్య తన తూటాకి సరిపడేలా అరగదీశాడు. అరిగిన ఇనుము తిరిగి రాదు.

అసలు సంగతి వెళ్తూ వెళ్తూ చెప్పాడు. సీజన్ లోపు షూటింగ్ టెస్ట్ పాస్ కాకపోతే బురదనేల పక్కనున్న మేం వేటకి కాపు కాసే చోటు ఓస్లో నుంచి వచ్చేవాళ్లకి ఇచ్చేస్తారట. నా చేతుల్లో ఏముంది చెప్పు, అన్నాడు పాపం. ముప్పై ఏళ్లు అన్నయ్యా నేనూ పక్కపక్కన కూర్చున్న చోటు అది. ఇంట్లో అన్నయ్య నాకు కనబడటం లేదు. అక్కడ కనబడతాడేమోనని ఆశ. అది కూడా పోతే నాకింకేం లేదు.

ఆగస్టు 10

కాఫీ డబ్బాలో మందు పెరట్లో కంకర మీద సన్నగా గీతలా పోసి నిప్పు పెట్టాను. ఏమిటో తెలియని మందుని అలాగే వదిలించుకోవాలి. పేలలేదు. పచ్చటి మంట బుస్సుమని ఇటు నుంచి అటు పాకి ఆరిపోయింది. అంత్యక్రియలప్పుడు చర్చిలో రాని ఏడుపు ఇక్కడొచ్చింది.

ఆగస్టు 16

ఎల్వెరుమ్‌ పట్నం వెళ్లి బుల్లెట్లూ మందూ కొన్నాను. బుల్లెట్ విషయంలో పేచీ లేదు. పొడవాటిది, బరువైనది, గుండ్రటి ముక్కుది. ఈ పొట్టి గొట్టంలోంచి తేలిక బుల్లెట్ కొడితే మూస్ దుప్పికి చట్టం అడిగేంత జోరు రాదు. మందు దగ్గరే తిప్పలు. నెమ్మదిగా మండేది తెచ్చాను. అది తొడుగు నిండా పడుతుంది కాబట్టి పొరపాటున రెండుసార్లు పోసినా బయటికి పొర్లి తెలిసిపోతుంది. నాలాంటి దానికి అదే మేలనుకున్నాను.

ఆగస్టు 23

పరువు పోయింది. పొట్టి గొట్టంలో ఆ మందు సగమే మండింది, మిగతాది బయటికొచ్చి మండింది. కొట్టినప్పుడల్లా మంటే. వేటకొచ్చావా, పొయ్యి ఊదడానికొచ్చావా అని హల్వర్ నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

టెస్ట్ ఫెయిల్. అయిదింటిలో వలయంలో పడినవి రెండు.

అన్నయ్యవి అయిదున్నాయిగా, వాటితో కొట్టెయ్ అన్నాడు హల్వర్. తుపాకి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

ఆగస్టు 30

త్వరగా మండే మందు తెచ్చాను. మందు కొలతల పుస్తకం ప్రకారం కొంచెం పోస్తే చాలు. కానీ తొడుగులో ఇంకా బోలెడు చోటు మిగులుతుంది. రెండుసార్లు పడినా పైకి కనబడదు. ఈ ముసలి తుపాకి ఆ రెట్టింపు పేలుడుని తట్టుకోదు.

షెడ్డులో నిశ్శబ్దం భరించలేక రేడియో పెట్టాను.

ఆగస్టు 31

నిన్న నింపినవన్నీ ఇవాళ ఊడదీశాను. నింపుతుండగా రేడియోలో ఎవరో మంచు గురించి చెబుతుంటే విన్నాను. విన్నాక, చేతిలో ఉన్న తొడుగులో మందు పోశానో లేదో గుర్తు రాలేదు. దాని ముందువాటి మీద కూడా నమ్మకం పోయింది.

మా షెడ్డులో ఒక్కటే రూలు. మందు పోసేటప్పుడు మాట్లాడకూడదు. అన్నయ్య పోసేవాడు. నేను ప్రతి తొడుగులోకీ టార్చ్ వేసి చూసి 'ఉంది' అనేదాన్ని. ఆ తర్వాతే బుల్లెట్. శీతాకాలమంతా మా ఇద్దరి మధ్యా అదొక్క మాటే. మేం మాటలు లేని మనుషులం అనుకునేదాన్ని. ఇప్పుడు పోసేదీ నేనే, చూసేదీ నేనే. నా కళ్లని నేనే నమ్మలేకపోతున్నాను.

సెప్టెంబర్ 6

ఏమీ చెయ్యలేదు. బంగాళాదుంపలు తవ్వాను.

సెప్టెంబర్ 12

సిగ్గు విడిచి హల్వర్‌కి ఫోన్ చేశాను. ఓ పూట వచ్చి టార్చ్ పట్టుకోవాలి, నోరు మూసుకోవాలి అన్నాను. మొదటిది చేస్తాను, రెండోది మా ఆవిడ వల్లే కాలేదు అన్నాడు.

వచ్చాడు. అన్నయ్య స్టూలు చూపిస్తే కాసేపు నిలబడే ఉన్నాడు, తర్వాత కూర్చున్నాడు. నేను పోశాను. వాడు టార్చ్ వేసి చూశాడు. 'ఉంది' అన్నాడు. తర్వాతి దాంట్లో పోస్తుంటే మందు కాస్త బెంచ్ మీద పడింది. ఆ తొడుగు ఖాళీ చేసి మళ్లీ పోశాను. చివరిదాకా వాడు ఇంకో మాట అనలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, ఐలిఫ్ లేకపోతే నాకూ ఏం తోచడం లేదే రాగ్నా, అన్నాడు.

సెప్టెంబర్ 20

ఆఖరి టెస్ట్ రోజు. నా తూటాలతోనే కొట్టాను. మంట లేదు. అయిదూ వలయంలోనే.

ఓస్లో వాళ్లకి వేరే చోటు చూస్తానన్నాడు హల్వర్. చాలాసేపు మాట్లాడాడు. విన్నాను.

సెప్టెంబర్ 25, తెల్లవారుజాము

వేట మొదటిరోజు, బురదనేల దగ్గర. మా ఇద్దరి పీటలూ తెచ్చాను. కార్బైన్‌లో నా తూటాలు, జేబులో అన్నయ్యవి. పక్క పీట వైపు తిరిగి 'ఉంది' అన్నాను.

జవాబు రాలేదు. రాకూడదు. 'ఉంది' తర్వాత ఇంకో మాట లేదు, అది మా రూలు.