మూడో డాక్ ప్రమాదంలో మా తమ్ముడి తప్పు లేదని మనవి

కార్మిక భద్రతాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గోదాములో సరుకు ఎక్కించు మూడవ డాక్ వద్ద ట్రైలర్ కదిలి జరిగిన ప్రమాదం, డ్రైవరుపై మోపిన నేరము తొలగించుట, ట్రైలర్లను కదలకుండా బిగించు ఏర్పాటు చేయించుట గురించి.

ఆ ప్రమాదంలో కాలు విరిగిన ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరును నేనే. ట్రైలర్ నడిపినవాడు నా సొంత తమ్ముడు. ఆస్పత్రి మంచం మీద నుంచి సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ఫోర్క్‌లిఫ్ట్ మీద సరుకుతో ట్రైలర్‌లోకి వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఆ ఊపుకు ట్రైలర్ కాస్త కాస్త ముందుకు జరుగును. అందుకే దాని చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టవలెను. మా దిమ్మలు అరిగి, పగిలి, చివరకు కనబడకుండా పోయినవి. అడిగితే సూపర్‌వైజరు గారు "ఇన్నేళ్లూ ఏమైంది? హ్యాండ్‌బ్రేక్ లేదా ఏంటి?" అన్నారు. ఇటుకలు పెట్టుకున్నాము. అవి పిండి అయినవి.

2. ట్రైలర్‌ను వెనక నుంచి పట్టి ఉంచే ఇనుప కొక్కెం తుప్పు పట్టి పైకి లేవదు. లోపల మనిషి ఉన్నాడని డ్రైవరుకు తెలిపే ఎర్రదీపం వెలగదు. మాకు సిగ్నల్ అంటే సూపర్‌వైజరు గారి గొంతే.

3. ఆ రోజు జోరువాన. రేకుల చప్పుడులో పక్కవాడి మాట వినబడదు. సూపర్‌వైజరు గారు నాలుగో డాక్ బండిని "పోనీ, పోనీ!" అని కేకేశారు. తమ్ముడు తనకే అనుకుని ట్రైలర్ కదిలించాడు. అప్పటికి నా బండి సగం ట్రైలర్‌లో, సగం డాక్‌కూ ట్రైలర్‌కూ మధ్యన వేసిన ఇనుప పలక మీద ఉన్నది. పలక జారింది. బండితో సహా సందులో పడ్డాను. నా అరుపు విని వాడు దూకి వచ్చి, అంత ఇనుమునీ ఉత్త చేతులతో లేపబోయాడయ్యా! "అన్నా, కళ్లు మూయకు, ఏదో ఒకటి మాట్లాడు" అంటూనే ఉన్నాడు.

4. "డ్రైవరు నిర్లక్ష్యం వల్లేనని ఒప్పుకో, నీ మంచికే చెబుతున్నా" అని మేనేజరు గారు నా మంచం పక్కన కూర్చుని అన్నారు. ఒప్పుకోలేదు. అయినను వాడి లైసెన్సు రద్దు చేయమని రాసి పంపిరి. మర్నాడే అదే డాక్‌లో ఇంకో ట్రైలర్ నిలిపి, ఇంకో మనిషిని ఎక్కించినారు. దిమ్మలు మాత్రం లేవు.

5. తమ్ముడు అమ్మకు ముఖం చూపలేక ఎవరి గదిలోనో ఉంటున్నాడు. ఒకసారి ఇక్కడికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, నా కాలు చూసి వెళ్లిపోయాడు. ఇది తమ శాఖ పరిధిలోనిది కాదని ఎరుగుదును.

కావున తమరు కబురు పెట్టకుండా వచ్చి మూడో డాక్‌ను స్వయంగా చూడవలెను. ముందుగా తెలిసినచో ఆ పూటకు దిమ్మలు మొలుచును. నా మొర చిత్తగించి, ఇంకో మనిషి పడకముందే న్యాయము చేయవలెను.

తమ విధేయుడు,
మూడవ డాక్ ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు

తా.క.: విచారణకు వాణ్ణి పిలిపిస్తారు కదా, అప్పుడొక్క మాట చెప్పండయ్యా. నేను ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, అధికారి మాటైతే వింటాడు. రేపో మాపో నన్ను లేపి నడిపిస్తారట. నాకు భయంగా ఉంది. వాణ్ణి వచ్చి పట్టుకోమనండి.