గేటుకు వేలాడిన పేటెంటు

మెల్‌బోర్న్,
గురువారం

నా మొండి నాన్నకు,

ఇవాళ కోర్టులో కంపెనీ ఇంజనీరు నీ కంచె తీగ బిగించే పనిముట్టును బల్లమీద పెట్టి, తానే కనిపెట్టానని ప్రమాణం చేశాడు. ఎడమచెయ్యి పడిపోయాక, ఒంటిచేత్తో తీగ లాగడానికి పాత ట్రాక్టరు ముక్కలతో నువ్వు చేసుకున్న వస్తువది. పేటెంటు నీ పేరున ఉండగా, పసుపు రంగు పూస్తే వాళ్ళదైపోతుందా? చెమటోడ్చినవాడికి దక్కనివ్వనిది చట్టమెలా అవుతుందని నేను చదివిన కరపత్రాలన్నీ అడుగుతున్నాయి.

తర్వాత మన పొరుగు ఎనిడ్ ఆంటీ సాక్ష్యం. నువ్వే మొదట చేశావని చెప్పడానికి నేనే బతిమాలి రప్పించాను. పెళ్ళిళ్ళకు పెట్టుకునే టోపీతో వచ్చింది. కంపెనీ లాయరు ఎంతో మర్యాదగా నీ పేరెత్తి, లైల్ దీన్ని రహస్యంగా ఉంచమన్నాడా అని అడిగాడు.

"రహస్యమా? గేటుకు వేలాడుతుండేది నాయనా. కావలసినవాళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళు. కరువుకు ముందునుంచీ మా చుట్టుపక్కల కంచెలన్నీ దాంతోనే బిగించాం. పనిముట్టు అడిగితే లేదనేవాడు మా వైపు బతకలేడు," అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మన లాయరు ముఖం చూశాక ఆగిపోయాను. నువ్వు దరఖాస్తు పెట్టడానికి అన్నేళ్ళ ముందే పదిమందీ బాహాటంగా వాడిన వస్తువుకు పేటెంటు చెల్లదట. అరువిచ్చిన పాపానికి ఇదా శిక్ష?

విచారణ వచ్చే గురువారానికి వాయిదా పడింది. ఏ ఏడాది నుంచి వాడారో సరిగా గుర్తులేదని ఎనిడ్ ఆంటీ ఒక్క మాట అంటే చాలు. అడిగితే ముఖం పాలిపోయింది. "లైల్ చెప్పమంటే చెబుతా," అంది. ఆమె ఇక్కడే చెల్లెలి ఇంట్లో ఉంది. ఫోన్ చెయ్యి నాన్నా. దొంగలతో పోరాడేటప్పుడు ఒక్క తేదీ మరచిపోతే తప్పేమీ లేదు.

నీ మెరన్

*

సోమవారం

మెరన్ తల్లీ,

ఫోన్ చేశాను. చెప్పింది చెప్పినట్టే ఉంచమన్నాను.

చుట్టుపక్కలవాళ్ళు నోళ్ళు తెరిస్తే పేటెంటు నిలవదని మన లాయరు చలికాలంలోనే నా చెవిన వేశాడు. నీకు చెప్పలేదు. చెబితే ఇల్లిల్లూ తిరిగి అందరి నోళ్ళూ కుట్టేసేదానివి. ఎనిడ్‌కూ చెప్పలేదు. తెలిస్తే ఆ పిచ్చిది నాకోసం అబద్ధమాడేది.

నాకు కోపం లేదనుకోకు. ఆ పసుపు రంగును గీకి పారేయాలనిపిస్తుంది. కానీ వాళ్ళ ఇంజనీరు ప్రమాణం చేసి అబద్ధమాడాడనే కదమ్మా మన పోట్లాట? అదే పని ఎనిడ్ చేత చేయించాక, వాళ్ళను ఏ నోటితో తిట్టమంటావు? పేటెంటు పోతే పోనీ. ఆ వస్తువు ఎవడు చేశాడో మాత్రం నిండు కోర్టులో ఆమె తేల్చేసింది.

తనవల్లే అంతా పోయిందని ఫోన్లో ఏడ్చింది. నువ్వు వెళ్ళి, ఆమె పెట్టింది తిని, గురువారం నీ చెయ్యి పట్టుకుని కోర్టు మెట్లెక్కించు. టోపీ బాగుందని కూడా చెప్పు.

మీ నాన్న,
లైల్