అత్తయ్య మంచం మళ్లీ కిటికీ పక్కకే

మీరు లేచేసరికి నేనుండను. టిఫిన్ మీద మూత పెట్టాను, తినేసి నేరుగా వదినగారింటికి వెళ్లి అత్తయ్యని తీసుకురండి. ఆవిడ మంచం మేడ మీంచి దింపి, ముందుగదిలో కిటికీ పక్కనే వేయండి. కొత్త దుప్పట్లు తీసేసి మన పాతవే పరవండి. ఉతికిన బట్టలు దండెం మీదే ఉండనివ్వండి. మీ గడ్డం సామాను కూడా దాచకండి.

నిన్న మన హోమ్‌స్టే తనిఖీకి వచ్చినాయన ఏమన్నాడో విన్నారుగా. "గదులు బాగున్నాయమ్మా, కాపురం ఏదీ?" అన్నాడు. ఇంటివాళ్లతో కలిసి ఉండే విదేశీ టూరిస్టులకే ఈ కొత్త వీసా ఇస్తారట. మనది లాడ్జిలా ఉందని సంతకం పెట్టకుండా పోయాడు. ఆ సంతకం లేకపోతే వచ్చే నెల మనింట్లో దిగాల్సిన టీచరమ్మకీ, వాళ్లమ్మాయికీ వీసా రాదు. మామ్మగారున్న ఇల్లే కావాలని ఆ పిల్ల పేచీ పెడితేనేగా వాళ్లు మనిల్లు ఎంచుకున్నారు. మీరేమో అతిథులకి అడ్డమని ఆ మామ్మగారినే పంపించేశారు. ఇల్లలకగానే పండగ కాదని అప్పుడే మొత్తుకున్నాను.

నేను ఆయన ఆఫీసుకే వెళ్తున్నాను. మధ్యాహ్నానికి ఆయన్ని వెంటబెట్టుకునే వస్తాను. రానంటే వచ్చేదాకా ఆ గుమ్మంలోనే కూర్చుంటాను. ఈలోగా మీరు మాత్రం ఏదీ సర్దకండి.

ఇంకో మాట. మొన్న ఆటో ఎక్కుతూ అత్తయ్య, "రాత్రిళ్లు దగ్గుతాననేనా అమ్మా?" అని అడిగారు. దానికి జవాబు దారిలో మీరే చెప్పండి.