చింతపండుతో తోమిన కత్తి

ఆదివారం రాత్రి.

పాత కత్తులు చూసి ఏ దేశానివో చెప్పే సలీం భాయ్ ఇయ్యాల మొదటిసారి మా ఇంటికొచ్చిండు. నా కత్తి పిడి చూసి, "ఇది ఆస్ట్రియా పటాలందే" అన్నడు. పిడి దగ్గర కత్తి అలుగు మీద వాళ్ల రాజముద్ర రెండు తలల గద్ద, చేసినోళ్ల పేరు చెక్కి ఉండాలె అన్నడు. నేను కొన్నప్పుడు ఉండె. ఇప్పుడు భూతద్దం పెట్టినా ఏం కనపడలే. పళ్లెం లెక్క నున్నగున్నది.

"ఎవలు తోమిన్రు దీన్ని?"

"మా ఇంటామె. దసరా పూజకు ఏటా చింతపండు పెట్టి తోమేది."

"ఇంకోసారి తోమొద్దని జర చెప్పన్నా."

పోయిన నెల ఆమె సచ్చిపోయిందని చెప్పిన. నాకు ఏడుపు రాలే. దినాల నాడు గూడ రాలే. అదే ఫికరైతాంది. లోపల ఏమన్న ఎండిపోయిందో ఏమో...

పిడి సందుల్ల పోయిన దసరాకు ఆమె పెట్టిన కుంకుమ గట్టిగ పట్టి ఉన్నది. దాన్ని తుడుద్దామని సలీం భాయ్ దూదికి నూనె అద్దిండు. నేను ఆయన చెయ్యి పట్టుకున్న.

"అదొక్కటి ఉండనీ భాయ్" అన్న.

శానాసేపు ఆ చెయ్యి ఇడువలే.