మెత్తటి గుడ్డలు

వదినా,

మీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదని ఏమనుకోకండి. పనిలో చేరాను.

మీ తమ్ముడు ఇరవై రెండేళ్లు బొగ్గు ఎత్తిన కరెంటు ఫ్యాక్టరీ మూసేశారు కదా. అక్కడ బూడిద పోసిన నేల మీదే సోలార్ పలకలు పరిచారు. పొగా లేదు, చప్పుడూ లేదు. అవతలి ఫ్యాక్టరీల్లో మాత్రం ఇంకా బొగ్గే మండుతోంది. ఆ మసి ఎగిరొచ్చి పలకల మీద పడితే ఎండ దిగదట. అది తుడవడమే నా పని.

సూపర్‌వైజరు మంచివాడే. "కొత్త గుడ్డ గరుగ్గా ఉంటుందమ్మా, అద్దం మీద గీతలు పడతాయి. ఇంట్లో వాడి వాడి మెత్తబడ్డ నూలు బట్టలుంటే తెచ్చుకో" అన్నాడు.

మీ తమ్ముడి డ్యూటీ చొక్కాలు తీశాను. ఆయన పోయి ఏడాదైనా, బకెట్లో ముంచగానే నల్లటి నీళ్లు దిగాయి. "చొక్కా అరుగుతుంది గానీ మసి వదలదే పిచ్చిదానా" అని నవ్వేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. అలాగే అయింది. చొక్కాలన్నీ అరిగిపోయాయి. మసి రోజూ వస్తూనే ఉంది.

ఆయన పోయినప్పుడు గుర్తుగా మీరొక చొక్కా తీసుకెళ్లారు. వీలు చూసుకుని అది పంపించండి. గుండీలు మాత్రం కోసి మీరే ఉంచుకోండి. అవి అద్దాన్ని గీస్తాయి.

మీ మరదలు